సినిమా బాగాలేదా, డిస్కు బాగాలేదా?

ప్రశ్న: మా నాన్నగారు రిటైరై మా దగ్గరికి వస్తూ రెండు అట్టపెట్టెల నిండా సినిమా డిస్కులు తెచ్చారు. వీసీడీలు, డీవీడీలు, ఒకే డిస్కులో మూడు సినిమాలుండే రకం, అమెరికా నుంచి బావగారు పంపిన కొన్ని బ్లూరేలు. ఇంట్లో 55 అంగుళాల కొత్త టీవీ ఉంది. దానికి పాత డీవీడీ ప్లేయరు తగిలించి వరసగా చూడ్డం మొదలుపెట్టాను. నేను పండితుణ్ని కాను, మామూలు ప్రేక్షకుణ్ని. నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ‘మాయాబజార్’లో అందరి మొహాలూ ఉబ్బిపోయి ఉన్నాయి, నలుపు తెలుపు బొమ్మలో నగల మీద రంగురంగుల మెరుపులు. స్కోప్ సినిమాలు తెర మధ్యలో ఇంతే ఇంత వస్తున్నాయి. పాటలు ఎక్కడో తేడా కొడుతున్నాయి. ఇంగ్లీషు సినిమాల్లో మాటలు వినబడవు, తుపాకులు మాత్రం ఇల్లు అదరగొడతాయి. బ్లూరే ప్లేయరు కొంటే ఒక సినిమా బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది, ఇంకొకటి అసలు ఆడలేదు. పైగా ‘క్లాసిక్’ అన్న ప్రతిదీ నిద్ర తెప్పిస్తోంది. ఈ పెట్టెలు పాత సామాన్లవాడికి వేసేసి, రంగుల ‘మాయాబజార్’ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుందా?

— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పెట్టెలు అప్పుడే ఎవరికీ వేసెయ్యకండి. మీరు రాసిన ఫిర్యాదుల్లో సినిమా మీద పడేది ఒక్కటే, ఆ నిద్ర. మిగిలినవన్నీ వైరు మీద, టీవీ సెట్టింగుల మీద, ఆ డిస్కు తయారుచేసి అమ్మినవాళ్ల మీద పడతాయి. వాటిని సరిచేసుకోకుండా చెప్పే అభిప్రాయం దర్శకుడు కె.వి. రెడ్డిగారికో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లేగారికో చెందదు. ఎవరో హడావుడిగా టేపు నుంచి డిస్కులోకి ఎక్కించినవాడికి చెందుతుంది.

ముందు ఉబ్బిన మొహాలు. 1957 నాటి ‘మాయాబజార్’ ఫ్రేము ఎత్తు ఒకటనుకుంటే వెడల్పు 1.37. పాత డబ్బా టీవీలది 4:3, అంటే 1.33, ఇంచుమించు అదే ఆకారం. మీ టీవీది 16:9, అంటే 1.78. తెర మొత్తం నింపాలని టీవీ ఆ బొమ్మను అడ్డంగా మూడో వంతు సాగదీస్తోంది. ఎస్వీ రంగారావుగారిని ఇంకో మూడో వంతు వెడల్పు చేస్తే ఎలా ఉంటుందో మీరు చూసేశారు.

దీన్ని రెండు చోట్ల సరిచేయాలి, వరస తప్పకూడదు. మొదట డీవీడీ ప్లేయరు సెటప్‌లోకి వెళ్లి ‘టీవీ షేప్’ లేదా ‘టీవీ టైప్’ అన్నదాన్ని (పేరు కంపెనీని బట్టి మారుతుంది) 16:9 మీద పెట్టండి. డబ్బా టీవీ రోజుల నుంచీ అది 4:3 మీదే ఉండిపోయి ఉంటుంది. తర్వాత టీవీ రిమోటుతో ‘పిక్చర్ సైజ్’లోకి వెళ్లి పాత సినిమాకు 4:3 ఎంచుకోండి. హెచ్‌డీఎంఐ వైరుతో కలిపినప్పుడు కొన్ని టీవీలు ఆ ఎంపిక ఇవ్వవు, అది బూడిద రంగులో కనబడుతుంది గానీ నొక్కనివ్వదు. అలాంటప్పుడు ప్లేయరులో హెచ్‌డీఎంఐ రిజల్యూషన్‌ను 1080 నుంచి 576కో 480కో దించి చూడండి, చాలా టీవీల్లో ఎంపిక తెరుచుకుంటుంది. పెంచే పని ప్లేయరు బదులు టీవీ చేస్తుంది కాబట్టి బొమ్మకు నష్టమేమీ లేదు.

సరిగ్గా వచ్చిందో లేదో టేపు పెట్టి కొలవొచ్చు. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు 27 అంగుళాలు, వెడల్పు 48కి రవ్వంత తక్కువ. 4:3 బొమ్మ 36 అంగుళాల వెడల్పుండి, అటూ ఇటూ ఆరేసి అంగుళాల నల్ల పట్టీలు మిగలాలి. కొలిచే ఓపిక లేకపోతే చందమామో రథచక్రమో ఉన్నచోట ఆపి, గుండ్రంగా ఉందో కోడిగుడ్డులా ఉందో చూడండి. తెర వృథా అవుతోందని మొదట్లో బాధగానే ఉంటుంది. కానీ ఆ పట్టీల్లో ఏ బొమ్మా దాక్కుని లేదు, కెమెరా అంతవరకే తీసింది.

ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంతకుముందు తీసిన తెలుగు సినిమా మీ 16:9 తెర నిండా వచ్చిందంటే దాన్ని సాగదీసైనా ఉంటారు, పైనా కిందా కోసైనా ఉంటారు. సాగదీసింది మీ టీవీయే అయితే రిమోటుతో పోతుంది. డిస్కులోనే కోసేసి ఉంటే తలపాగాలూ కాళ్లూ పోయినట్టే, తిరిగి తెచ్చే బటన్ ఏదీ లేదు.

స్కోప్ సినిమాలు చిన్నగా రావడానికి కారణం వేరు. స్కోప్ ఫ్రేము వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. డీవీడీలో దాన్ని నిక్షేపించే పద్ధతులు రెండు. మంచి పద్ధతిని అనామార్ఫిక్ అంటారు. దాంట్లో బొమ్మను డిస్కు మీద అడ్డంగా నొక్కి ఉంచుతారు, ఆడేటప్పుడు 16:9కి విప్పుతారు. 480 లైన్ల డీవీడీలో అలా 363 లైన్లు బొమ్మకు దక్కుతాయి. రెండోది పాత టీవీల కోసం చేసిన పద్ధతి. 4:3 చట్రంలోనే పైనా కిందా నల్ల పట్టీలు ముద్రించేస్తారు. అప్పుడు బొమ్మకు మిగిలేవి 272 లైన్లే. దాన్ని మీ టీవీలో 4:3గా చూస్తే పక్కలా పట్టీలు, పైనా కిందా పట్టీలు, మధ్యలో 36 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న ముక్క. మీరు చూసింది అదే. మన స్కోప్ సినిమాల డీవీడీలు చాలా వరకు ఇలాగే వచ్చాయి.

దీనికి ‘జూమ్’ నొక్కండి. ‘వైడ్’, ‘ఫుల్’, ‘స్ట్రెచ్’ అన్నవి వద్దు, అవి ఒక్క అడ్డమే పెంచుతాయి. జూమ్ రెండు వైపులా సమంగా పెంచుతుంది కాబట్టి బొమ్మ 48 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తుకు వస్తుంది. కాస్త మసకగానే ఉంటుంది, ఎందుకంటే ఉన్న 272 లైన్లనే పెద్దవి చేస్తున్నారు. కింది పట్టీలో సబ్‌టైటిల్స్ ఉంటే అవి తెర బయటికి పోతాయి. కొన్ని టీవీల్లో జూమ్ చేశాక బాణం గుర్తుతో బొమ్మను కాస్త పైకి జరపొచ్చు, వెతికి చూడండి. ఈ అవస్థ మనకే కాదు లెండి. ‘స్టార్ వార్స్’ 1977లో థియేటర్లో ఆడిన రూపం 2006లో డీవీడీ మీద వచ్చినప్పుడు, లేజర్‌డిస్కు (డీవీడీకి ముందు తరం డిస్కు) కోసం 1993లో చేసిన పాత మాస్టరు కాపీ నుంచి తీసి, 4:3 చట్రంలోనే ఇరికించి ఇచ్చారు.

నలుపు తెలుపులో రంగుల మెరుపులకు దోషి పసుపు జాక్. ఎరుపు, తెలుపు, పసుపు మూడు పిన్నుల వైరులో బొమ్మ మొత్తం పసుపు తీగ ఒక్కదాంట్లోనే వెళ్తుంది. వెలుతురు సమాచారం, రంగు సమాచారం ఒకే దారిలో కలిసి ప్రయాణిస్తాయి. జరీ అంచు, సన్నని గీతల చీర, ముత్యాల దండ లాంటి చిక్కటి నమూనా వచ్చినప్పుడు ఆ వెలుతురునే రంగు అనుకుని టీవీ పొరబడుతుంది, ఇంద్రధనుస్సు ముక్కలు ఎగురుతాయి. ప్లేయరు వెనక హెచ్‌డీఎంఐ ఉంటే ఆ వైరు వాడండి. లేకపోతే ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు సాకెట్ల కాంపొనెంట్ ఉందేమో చూడండి. పసుపు తప్ప మరేమీ లేని ప్లేయరైతే, నలుపు తెలుపు సినిమా చూసేటప్పుడు టీవీలో ‘కలర్’ను సున్నాకు దించేస్తే మెరుపులు మాయమవుతాయి. సినిమా అయ్యాక మళ్లీ పెంచడం మర్చిపోకండి.

కొత్త టీవీ కొన్నప్పుడు దుకాణంలో ధగధగలాడేలా పెట్టిన సెట్టింగులే మీ ఇంట్లోనూ ఉండి ఉంటాయి. పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కో ‘మూవీ’కో మార్చండి, ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే ఇంకా మంచిది. కదలికలను నున్నగా చేసే సౌకర్యం ఆపేయండి. సోనీలో దాన్ని మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి కలుపుతుంది అది. ఎంత పెద్ద సినిమా అయినా టీవీ సీరియల్లా కనబడేది అందుకే. ‘షార్ప్‌నెస్’ను తగ్గిస్తూ పోయి, అక్షరాల చుట్టూ తెల్ల అంచు పోయినచోట ఆగండి. ‘డైనమిక్ కాంట్రాస్ట్’ కూడా ఆపాలి. బార్ట్‌లే ‘మాయాబజార్’లో వెన్నెలను నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిద ఛాయలతోనే పుట్టించాడు. ఈ సెట్టింగు ముందుగా మింగేసేది ఆ ఛాయలనే.

ఇప్పుడు అసలు సంగతికి, డిస్కులకు వద్దాం. వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే లక్ష చుక్కలకు కాస్త ఎక్కువ. మీది 4కే టీవీ అయితే దాంట్లో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కనూ 82 చుక్కలుగా పరచాలి. ఏ టీవీకైనా అది చేతకాని పని. డీవీడీకి ఆ లెక్క 24, బ్లూరేకు 4. అందుకే వీసీడీ చూడాలంటే పాత డబ్బా టీవీయో, చిన్న లాప్‌టాప్ తెరో నయం. డీవీడీని మీ 55 అంగుళాల మీద చూస్తే పది పన్నెండు అడుగుల దూరం కూర్చోండి. బ్లూరేకు ఆరేడు అడుగులు చాలు.

చుక్కల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం, సెకనుకు ఎంత డేటా పడుతోందన్నది కూడా చూడాలి. ఒకే పొర డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, రెండు పొరల దాంట్లో 8.5. మూడు గంటల సినిమా ఒక్కటే రెండు పొరల డిస్కులో ఉంటే సెకనుకు సుమారు 6.3 మెగాబిట్లు దొరుకుతాయి. అదే సినిమా ఒకే పొరలో ఉంటే 3.5. రెండున్నర గంటల సినిమాలు మూడు ఒకే పొరలో కుక్కితే 1.4. వీసీడీలో బొమ్మా ధ్వనీ కలిపి పడేది కూడా ఇంచుమించు 1.4 మెగాబిట్లే! అంటే ‘ఒకే డిస్కులో మూడు సినిమాలు’ పేరుకు డీవీడీ, సరుకు వీసీడీది. డాన్సు, వాన, జనసమూహం వచ్చినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది అందుకే. 2007 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు దిగి వచ్చిన ధరల పోటీలో ఇలాంటివి ఇంటింటికీ చేరాయి. కంప్యూటర్లో పెట్టి డిస్కు సైజు చూడండి. 4.3 జీబీ దగ్గర చూపిస్తే ఒకే పొర, 6, 7 జీబీ చూపిస్తే రెండు పొరలు. నాన్నగారి పెట్టెల్లో ఒకే సినిమా రెండు మూడు రకాలుగా ఉంటే ఏది ఉంచాలో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

తర్వాత చూడాల్సింది నిడివి. డిస్కు అట్ట మీద రాసింది నమ్మొద్దు. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపండి. దాని మీద పొడవు మీటర్లలోనో, పాతవాటి మీద అడుగుల్లోనో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.4 మీటర్లు నడుస్తుంది. 4,900 మీటర్లని ఉంటే 27.4తో భాగించండి, 179 నిమిషాలు. డిస్కు 155 నిమిషాలకే అయిపోతే రెండు మూడు పాటలో, ఒక హాస్య సన్నివేశమో ఎగిరిపోయాయన్నమాట. కథ అతుకులుగా అనిపించి, అది దర్శకుడి లోపమని మనం అనుకునే చోట్ల చాలాసార్లు జరిగింది ఇదే. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. ఒక వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. కాబట్టి రెండే వీసీడీల సెట్టు మీ దగ్గర ఉంటే, పెట్టి చూడక్కర్లేకుండానే చెప్పొచ్చు అది కోసినదని.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది, మీ పాటల ఫిర్యాదుకు జవాబు కూడా అందులోనే ఉంది. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. అప్పటి మన టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25. ఆ టేపులకు ఎక్కించేటప్పుడు 24ను 25గా నడిపించేసేవారు. దాంతో సినిమా నాలుగు శాతం త్వరగా అయిపోతుంది. 184 నిమిషాలది 177కి వస్తుంది, ఇది కోత కాదు. కానీ ధ్వని కూడా ఆ వేగంతోనే పరిగెడుతుంది. శ్రుతి ఒక స్వరస్థానంలో డెబ్బై శాతం దాకా పెరుగుతుంది. ఘంటసాలగారి గొంతులో గాంభీర్యం ఒక పిసరు తగ్గి, సన్నబడినట్టు అనిపిస్తుంది. రేడియోలోనో రికార్డులోనో ఆ పాట విన్న చెవి వెంటనే పట్టేస్తుంది. మీ చెవి బాగానే ఉంది.

కంప్యూటర్లో అయితే దీన్ని సరిచేయొచ్చు. వీఎల్‌సీ ప్లేయరులో డిస్కు తెరిచి ‘టూల్స్’లో ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ చూడండి. సెకనుకు 25 ఫ్రేములు, 576 లేదా 288 లైన్లు ఉంటే పాల్. 29.97, 480 ఉంటే అమెరికా పద్ధతి ఎన్టీఎస్సీ. పాల్ అయితే ప్లేబ్యాక్ వేగం 0.96కి దించండి. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద ‘టైమ్ స్ట్రెచింగ్ ఆడియో’ అన్న టిక్కు తీసేయండి. అది ఉంటే వేగం తగ్గినా శ్రుతి తగ్గదు. వీఎల్‌సీలోనే ‘డీఇంటర్లేస్’ ఆన్ చేసి ‘యాడిఫ్’ ఎంచుకుంటే, కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలా కనిపించే గీతలు పోతాయి. పాల్ టేపును ఎన్టీఎస్సీ డీవీడీగా మార్చినప్పుడు వచ్చే నీడ బొమ్మలు, అంటే ఒక మనిషి వెనక అతని చెరిగిన రూపం, వాటికి మాత్రం మందు లేదు.

మాటలు వినబడకపోవడం తేలికైన సమస్య. ఇంగ్లీషు డిస్కుల్లో ముందుగా మోగేది 5.1 ట్రాకు, అంటే ఆరు స్పీకర్లకు పంచిన ధ్వని. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకు ఇస్తారు. మీకు ఉన్నవి టీవీ స్పీకర్లు రెండే. డిస్కు మెనూలో ఆడియో 2.0 ఉంటే అది పెట్టండి. లేకపోతే ప్లేయరు ఆడియో సెట్టింగులో అవుట్‌పుట్‌ను పీసీఎం స్టీరియో చేసి, ‘డీఆర్‌సీ’ లేదా ‘నైట్ మోడ్’ ఆన్ చేయండి. తుపాకులు తగ్గి మాటలు పైకొస్తాయి. పాత తెలుగు సినిమాకు దీనికి తిరగేసిన జాగ్రత్త కావాలి. అట్ట మీద గొప్పగా ‘డీటీఎస్ 5.1’ అని వేసి ఉన్నా, డిస్కులో మోనో ట్రాకు ఉంటే అదే వినండి. ఒకే మైకు దారిలో రికార్డయిన పాటను ఆరు దిక్కులకు పంచడానికి ప్రతిధ్వని కలుపుతారు, గొంతు బావిలోంచి వచ్చినట్టవుతుంది.

ఇక ఆడని బ్లూరే. బ్లూరేలకు ప్రాంతాల కోడ్ ఉంటుంది. అమెరికా ‘ఎ’, యూరప్, ఆస్ట్రేలియా ‘బి’, ఇండియా ‘సి’. మీరు ఇక్కడ కొన్న ప్లేయరు ‘సి’ది అయ్యుంటుంది. పెద్ద స్టూడియోల డిస్కులు చాలావరకు ఏ ప్రాంతంలోనైనా ఆడతాయి గానీ, క్లాసిక్స్ వేసే క్రైటీరియన్ వాళ్ల అమెరికా బ్లూరేలు ‘ఎ’కే తాళం వేసి ఉంటాయి. అట్ట వెనక చిన్న గుర్తులో ఆ అక్షరం కనబడుతుంది. డీవీడీలకైతే భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది, అమెరికా 1, మనం 5, అన్నిచోట్లా ఆడేది 0. దారులు రెండు. మల్టీ రీజియన్ ప్లేయరు కొనడం ఒకటి. బావగారిని ఇకమీదట 4కే యూహెచ్‌డీ డిస్కులు పంపమనడం రెండోది, వాటికి ప్రాంతాల తాళం లేదు. అయితే 4కే డిస్కును మామూలు బ్లూరే ప్లేయరు చదవలేదు, టీవీ 4కే అయినా సరే. ఆడని మీ డిస్కు డబ్బా నల్లగా ఉంటే కారణం అదే కావచ్చు. మామూలు బ్లూరేలు సాధారణంగా నీలం డబ్బాల్లో వస్తాయి. కంప్యూటర్ డీవీడీ డ్రైవు ‘ప్రాంతం మార్చమంటారా’ అని అడిగితే తొందరపడి అవుననకండి, అది ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదాని మీదే ఉండిపోతుంది. పాత డీవీడీ ప్లేయరును కూడా పారేయొద్దు. బ్లూరే ప్లేయర్లన్నీ వీసీడీ చదవవు.

ఇసుక చల్లినట్టున్న సినిమా డిస్కు బహుశా మీ పెట్టెల్లోకెల్లా మంచిది. ఫిల్ము మీద బొమ్మ ఏర్పడేదే వెండి రేణువులతో, రంగు ఫిల్ములో అయితే వాటి స్థానంలో మిగిలిన రంగు మచ్చలతో. నెగెటివ్‌ను జాగ్రత్తగా స్కాన్ చేస్తే ఆ గ్రెయిన్ కనబడుతుంది. వీసీడీలో కనబడకపోవడానికి కారణం, దాన్ని చూపించే చుక్కలు అక్కడ లేకపోవడం. టీవీలో ‘నాయిస్ రిడక్షన్’ పెంచి దాన్ని తుడిచేయాలనిపిస్తుంది. వద్దు, గ్రెయిన్‌తో పాటు చర్మం మీది ముడతలు, గడ్డం, బట్ట నేత కూడా పోతాయి. ఈ పని డిస్కులోనే చేసి అపకీర్తి తెచ్చుకున్నది 1987 నాటి ‘ప్రిడేటర్’కు 2010లో వచ్చిన బ్లూరే. మనుషులు మైనపు బొమ్మల్లా ఉన్నారని ప్రేక్షకులే గోల పెట్టారు. ఫిల్ము గ్రెయిన్‌కూ చెడిపోయిన డిస్కుకూ తేడా తేలిక. గ్రెయిన్ సన్నగా, ఫ్రేము ఫ్రేముకీ మారుతూ తెరంతా సమంగా ఉంటుంది. డేటా చాలని డిస్కులో చతురస్రాల గళ్లు, ఒకేచోట కాసేపు నిలబడి, కదలిక ఉన్నచోట పెరుగుతాయి.

శుభ్రం చేయడం గురించి క్లుప్తంగా. సముద్రం దగ్గరి ఊరు కాబట్టి డిస్కుల మీద తెల్లటి బూజు మచ్చలు ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి తడిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య చిల్లు నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాకు వెంబడే పోతుంది, ప్లేయరు దాన్ని సరిదిద్దుకోలేదు. థిన్నరు, గోళ్లరంగు తుడిచే ద్రవం తాకనివ్వొద్దు. టూత్‌పేస్టు చిట్కా బ్లూరే మీద అసలు వద్దు, అందులో డేటా ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. వీసీడీకి ప్రమాదం అటు పక్క, లేబుల్ వైపు. డేటా పొర సరిగ్గా దాని కిందే ఉంటుంది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే చిన్న చిన్న చిల్లుల్లో వెలుగు కనబడితే అక్కడ పొర ఊడిపోయినట్టే, తుడిచి లాభం లేదు.

డీవీడీ లోపలి నుంచి బయటి అంచుకు చదవబడుతుంది. రెండు పొరల సినిమాలో రెండో పొర తిరిగి అంచు నుంచి లోపలికి వస్తుంది. అందుకే సగం దగ్గర ఒక్క క్షణం ఆగడం లోపం కాదు, పొర మారుతోంది. అక్కడే గళ్లు పడి ఇరుక్కుంటే బయటి అంచున వేలిముద్రలున్నాయేమో చూడండి. అన్ని డిస్కులూ ఇరుక్కుంటే మాత్రం ప్లేయరు లెన్సు మురికిపట్టింది.

ఇప్పుడు నిద్ర. పైవన్నీ సరిచేశాక కూడా ఒక సినిమా మీకు నచ్చకపోతే, అది మీ అభిప్రాయం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ చూసే పద్ధతి కాస్త మార్చి చూడండి. ఆ మూడు గంటల సినిమాలు విశ్రాంతి ఉంటుందన్న నమ్మకంతో కట్టినవి. 1954 నాటి ‘సెవెన్ సమురాయ్’ 207 నిమిషాలు, మధ్యలో దానికే విశ్రాంతి ఉంది. అక్కడ లేచి కాఫీ తాగి రండి. 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ డిస్కు పెట్టగానే నాలుగు నిమిషాలకు పైగా తెర నల్లగా ఉండి సంగీతం ఒక్కటే వస్తుంది. డిస్కు చెడిపోయిందని తీసేసేవాళ్లున్నారు. అది జనం సీట్లలో కూర్చుంటుండగా మోగించే ఓవర్‌చర్. ‘పథేర్ పాంచాలి’ నెమ్మదిగా ఉందని తీసేసిన డిస్కు మీ పెట్టెల్లో ఉండి ఉంటే, అది ఏ కాపీయో చూడండి. దాని నెగెటివ్‌లు 1993లో లండన్ లాబొరేటరీలో మంటల్లో కాలిపోయాయి. వాటిలో మిగిలినవాటినీ, వేరే చోట్ల దొరికిన మంచి ప్రతులనూ కలిపి ఇటలీలోని బొలోనియాలో బాగుచేసిన రూపం 2015లో బ్లూరేగా వచ్చింది. అంతకుముందు డిస్కుల్లో అరిగిపోయిన ప్రింట్ల గీతలూ బుసబుస శబ్దమే ఎక్కువ. వాన వచ్చే ఘట్టం ఒక్కటి రెండింట్లోనూ పక్కపక్కన చూస్తే చాలు.

రంగుల ‘మాయాబజార్’ సంగతి. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి, 2010 జనవరిలో థియేటర్లకు ఇచ్చింది. ఈ తరం పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది పనికొచ్చింది, పాత ప్రింటు గీతలు చాలా పోయాయి. కానీ ఫ్రేమును వెడల్పు తెరకు సరిపెట్టారు, అంటే కె.వి. రెడ్డి పెట్టిన చట్రం అది కాదు. రెండూ ఉంచుకోండి. ఒక్కటే కొనాలంటే, నలుపు తెలుపులో 4:3, మోనో ధ్వని, 177 లేదా 184 నిమిషాలు, రెండు పొరల డిస్కు, ఈ నాలుగూ ఉన్నది దొరికితే అది కొనండి.

పెట్టెలు విడదీసేటప్పుడు డిస్కుల అడుగు రంగు చూడండి. వెండిలా మెరిసేవి ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి, అవి ఇంకా ఉంటాయి. ఊదా, లేత నీలం రంగులో ఉన్నవి కంప్యూటర్లో రాసిన కాపీలు. వాటిలో డేటా రంగు పూతలో ఉంటుంది, ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. నాన్నగారు తీయించిన పెళ్లి వీడియోలూ బహుశా ఆ రకంలోనే ఉంటాయి. ముందు వాటిని హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. వీసీడీ అయితే ‘ఎంపెగ్‌ఏవీ’ అన్న ఫోల్డర్లో ‘.DAT’ అని ముగిసే ఫైలు ఉంటుంది, దాన్ని కాపీ చేసి చివరి అక్షరాలు ‘ఎంపీజీ’గా మారిస్తే చాలు. డీవీడీ అయితే ‘వీడియో టీఎస్’ ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి, లోపలి ఫైళ్లను విడగొట్టొద్దు. కాపీ మధ్యలో ఆగిపోతే అదే డిస్కును ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం మామూలే.